‘అమ్మ’లోనే ఉంది వత్తు

ఒకటో తరగతి పిల్లని క గుణింతం చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి... రాగం ఎక్కడా తప్పదు. పలక మీద ‘కొ’ ఒక్కటే రాసి ఇదేంటమ్మా అని అడగండి. మళ్లీ ‘క’ దగ్గర మొదలుపెట్టి, లోలోపల గొణుక్కుంటూ ‘కొ’ దాకా వచ్చి ఆగుతుంది. పాట వచ్చింది గానీ చదవడం రాలేదన్నమాట. మన బడుల్లో ఇది రోజూ కనిపించేదే.

గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువు తీరుపై జరిపిన 2024 అసర్ సర్వే ప్రకారం, దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో ఇది 16.3. పెరిగినందుకు సంతోషమే, కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021 జులైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ గడువు 2026-27.

తప్పు పిల్లలది కాదు. కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఒక సంగతి బయటపెట్టారు. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలో పుట్టిన ఆరేడు నెలల పాపలు హిందీలోని ‘ట’కీ ‘త’కీ తేడా పట్టేస్తారు. ఏడాది నిండేసరికి, ఇంట్లో ఆ తేడా వినపడదు కాబట్టి, ఆ నేర్పు సన్నగిల్లుతుంది. మన ఇళ్లలో ఆ రెండూ పొద్దున లేస్తే వినపడతాయి. బడికొచ్చే వయసుకి ‘నాన్న రాలేదు’, ‘నాన్న రాడు’ అనే మాటల తేడా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంత భాష మూటగట్టుకుని వచ్చిన బిడ్డను అక్షరాల వరస దగ్గర కూర్చోబెట్టి, ఏమీ తెలియనివాడిలా చూస్తున్నాం.

మాట వినగా వినగా వస్తుంది, చదువు అలా రాదు. దాన్ని నేర్పాల్సిందే, అక్షరం అక్షరం శ్రద్ధగా నేర్పాల్సిందే. గుణింతాలు వద్దని మేం అనడం లేదు. మా అభ్యంతరం వరస మీద. ‘అ’ పక్కన అమ్మ బొమ్మ ఉంటుంది. కానీ ‘అమ్మ’లో మ కింద మవత్తు ఉంది. మనం తరతరాలుగా పాటిస్తున్న వరసలో వత్తులు గుణింతాలన్నీ అయ్యాక చివర్న వస్తాయి. అప్పటిదాకా అల, వల, తల. సముద్రం ముఖం చూడని మెదక్ పిల్లకి అల ఏం తెలుస్తుంది? ఆ పిల్ల నోట ఆడే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అవ్వ, బువ్వ, పిల్లి, కుక్క, చెట్టు. ఒక్కటీ వత్తు లేకుండా లేదు! ద్విత్వాక్షరాలను ముందుకు తెస్తే, బిడ్డ తన ఇంటి మాటను తానే చదువుకోగలదు.

తొందర కూడా తగదు. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడంలో సోనాలి నాగ్ చేసి, 2007లో ప్రచురించిన పరిశోధనలో అక్షరాల మీద పట్టు నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉందని తేలింది. ఎల్‌కేజీలోనే నోట్‌బుక్ నిండా రాయించి తల్లిదండ్రుల్ని మెప్పించే బడులు ఈ సంగతి గమనించాలి. రాత్రి పూట హోంవర్క్ టెన్షన్ పెట్టే బదులు పక్కన కూర్చోబెట్టుకుని ఓ కథ చదివి వినిపిస్తే ఎంతో మేలు. చదువురాని తల్లి కథ చెప్పినా, పొడుపు కథ వేసినా భాష పెరుగుతుంది.

ఇంకో మాట. ఉల్లిపాయ బొమ్మ చూసి తెలంగాణ పిల్ల ఉల్లిగడ్డ అంటుంది, రాయలసీమ పిల్లాడు ఎర్రగడ్డ అంటాడు. అది తప్పని కొట్టేస్తే ఆ బిడ్డ మళ్లీ నోరు విప్పడు. సవర, కోయ, గోండి మాట్లాడే పిల్లలకైతే తెలుగు వాచకమే కొత్త భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బోధనను రెండు ప్రభుత్వాలూ ఆ పిల్లలున్న ప్రతి బడికీ తీసుకెళ్లాలి.

వాచకాలు మార్చడానికి సమయం పడుతుంది. టీచర్లు అంతదాకా ఆగనక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పొద్దున ఇంట్లో ఏం తిన్నారో, ఎవరెవరు ఉన్నారో పిల్లల్ని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్ని చెప్పినట్టే బోర్డు మీద రాసి, వాళ్ల చేతే వేలు పెట్టి చదివించవచ్చు.