పెద్దమ్మ మీద పడింది బల్లి కాదంట

మా తమ్ముడు శ్రీకాకుళంలో న్యూట్లు పెంచుతున్నాడు. ఫైర్ బెల్లీ న్యూట్లంట, చైనావి, పైనంతా నలుపు, కడుపు ఎర్రగా మచ్చలతో ఉంటుంది, చూడ్డానికి అచ్చం తడిసిన బల్లే, కానీ బల్లి అన్నామా అయిపోయాం, "బల్లి కాదక్కా, కప్పలకి చుట్టం" అని మొదలెడితే ఇంక ఆపడు. వీటికి నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మా ఊళ్ళో ఆ చల్లదనం ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడుంటుంది? అందుకని బాటిళ్ళలో నీళ్ళు గడ్డకట్టించి ట్యాంకులో వేయడం, కరిగాక తీసి మళ్ళీ ఫ్రీజర్లో పెట్టడం, వీడికిదే ఉద్యోగం. చలికాలంలో ఆడది ఒక్కో గుడ్డునీ వెనక కాళ్ళతో ఆకు మడతపెట్టి దాచిందని ఇంటిల్లిపాదినీ లేపి చూపించాడు, తర్వాత పెద్దవే గుడ్లు తినేస్తాయని వాటిని అమ్మ స్టీలు గిన్నెలోకి మార్చాడు, ఆ గొడవ వేరు.

ఆదివారం అరసవల్లి దర్శనానికని పెద్దమ్మావాళ్ళు దిగారు. ఎండనపడి వచ్చినవాళ్ళు కదా, ఫ్రీజర్ తీసి ఆ బాటిళ్ళన్నీ ఖాళీ చేసేశారు. అవి అంతకుముందు ఎందులో తేలాయో మేమెవ్వరం నోరెత్తలేదు. ఈలోగా కరెంటు పోయింది. నీళ్ళు వేడెక్కేసరికి ఒక న్యూట్ అద్దం పట్టుకుని పైకి పాకి, మూతలో ఎయిర్ పైపు కోసం వదిలిన సందులోంచి బయటికొచ్చి, కింద చాప మీద పడుకున్న పెద్దమ్మ భుజం మీద టప్ మని పడింది.

"ఓలమ్మో బల్లి! ఒరే, కుడి భుజమైతే ఏటవుద్దో పంచాంగం సూడండ్రా!"

"పెద్దమ్మా అది బల్లి కాదు" అని వీడు. "మన దేశంలో ఇలాంటివి డార్జిలింగ్, ఈశాన్య రాష్ట్రాల వైపు కొండల్లోనే ఉంటాయి."

"అక్కడోల్ల పంచాంగం తెప్పించు మరి!"

పంతులుగారికి ఫోన్ కొడితే ఆయన పాపం ఓపిగ్గా విని, "నా దగ్గర బల్లి, తొండ రెండే ఉన్నాయమ్మా" అన్నారు. కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చిన పక్కింటి పిన్నిగారిని పిలిచి ఆవిడచేత పెద్దమ్మని ముట్టించాం. అంతా సర్దుకుంటోంది అనుకునేలోగా మా వాడు ఊరుకోవచ్చు కదా, "దాని చర్మం మీద కాస్త విషం ఉంటుంది, సబ్బుతో కడుక్కుంటే చాలు" అన్నాడు. పెద్దమ్మకి విషం అన్న మాట ఒక్కటే వినపడింది. సబ్బు సంగతి వీధిలో ఎవరికీ వినపడలేదు.

న్యూట్ మాత్రం గచ్చు మీద కాలు తీసి కాలు వేస్తూ, ఎటెళ్ళాలో తెలీనట్టు నిలబడి తల ఎత్తి చూస్తోంది. వీడు పెద్దమ్మని వదిలేసి, చేతులు తడుపుకుని దాన్ని ఎత్తుకున్నాడు, పొడి చేత్తో పట్టుకుంటే దాని చర్మం పాడవుతుందంట.

సాయంత్రం దాకా పరామర్శలే. కరెంటొచ్చాక వాడు మళ్ళీ పెట్టుకున్న బాటిళ్ళు కూడా వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడానికే అయిపోయాయి, వాడేమో ట్యాంకు మూత మీద ఇటుక పెట్టి దాని పక్కనే కాపలా కూర్చున్నాడు.