సవరణ: సెట్ డెకరేటర్ పని గురించి
టీవీ ఆర్ట్ విభాగంలో ఉద్యోగాల గురించి మొన్న రాస్తూ, సెట్‌లో కనిపించే ప్రతి వస్తువూ సెట్ డెకరేటర్ బాధ్యతేనన్నాను. అది తప్పు. ఆ విభాగంలో ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు చెప్పాక తెలిసింది.

సోఫా, కర్టెన్లు, గోడమీది ఫొటోలు, అల్మరాలో పుస్తకాలు డెకరేటర్ చూసుకుంటారు. నటులు చేత్తో పట్టుకుని వాడేవి (వీటినే ప్రాపర్టీలు, పొట్టిగా ప్రాప్స్ అంటారు) మాత్రం ప్రాపర్టీ మాస్టర్‌వి. బల్లమీద ఊరికే ఉన్న కప్పు డెకరేటర్‌ది. పాత్రధారి దాన్ని ఎత్తి తాగాడంటే ప్రాప్స్ వాళ్లది. తర్వాతి షాట్‌కి అందులో టీ ఎంతవరకు ఉండాలో, పిడి ఎటు తిరిగి ఉండాలో వాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. ఎంత ఓపిక కావాలో!

చిన్న యూనిట్లలో రెండు పనులూ ఒకరే చేస్తారు కాబట్టి నేను కలిపేశాను. ప్రొడక్షన్ డిజైనర్, ఆర్ట్ డైరెక్టర్ల గురించి రాసిన దాంట్లో మార్పేమీ లేదు.