పందొమ్మిదో గేటు గొలుసు గారికి, కుళాయి దగ్గర్నుంచి

మహారాజశ్రీ తుంగభద్ర డ్యామ్ పందొమ్మిదో గేటు గొలుసు గారి దివ్యసముఖానికి,

ఖాళీ బిందె పక్కన కూర్చుని రాస్తున్న ఉత్తరం ఇది. మధ్యాహ్నం రెండింటికి నీళ్లు వదులుతామన్నారు కదా అని పన్నెండుకే పప్పు దించేసి, బిందెలు, బకెట్లు, ఆఖరికి ఇడ్లీ గిన్నె కూడా తెచ్చి వరుసలో పెట్టాను. ఇప్పుడు ఐదైంది. కుళాయి రెండుసార్లు గురక పెట్టి మళ్లీ పడుకుంది. నీళ్లు వదిలే అబ్బాయిని నిలదీస్తే "పైనుంచే రాలేదమ్మా" అన్నాడు. ఆఫీసుకి పోతే అక్కడి సారు ఫ్యాను వైపు చూసి, "పైనుంచి రావాలమ్మా" అన్నాడు.

ఆ పైన ఎవరున్నారో నేనే లెక్కేసుకున్నాను. కుళాయికి పైన ట్యాంకు. దానికి పైన వేసవికి నీళ్లు నిలవ చేసే ఎస్సెస్ ట్యాంకు. దానికి పైన హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ. కాలువకు పైన హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్, డ్యామ్‌కు గేటు, గేటుకు తమరు. తమరికి పైన ఆకాశమే. అందుకని అర్జీ నేరుగా మీకే పెట్టుకుంటున్నాను.

2024 ఆగస్టు 10 రాత్రి తమరు తెగారు. తెగినందుకు నేనేమీ అనను. 1953 నుంచి నిలబడ్డ డ్యామ్ అది. మా ఇంట్లో మంగళసూత్రం గొలుసుకే పదేళ్లకోసారి కంసాలి దగ్గర టాకా వేయించుకుంటాం. అదైనా ఇరవై అడుగుల ఎత్తు గేటును పట్టుకుని వేలాడటం లేదు కదా. ఆ రోజు జలాశయం నిండుగా ఉంది, అటూ ఇటూ మూడు రాష్ట్రాల రైతులు నారుమళ్ల దగ్గర సంతోషంగా ఉన్నారు. అరవై అడుగుల వెడల్పున్న గేటు నదిలో కొట్టుకుపోయింది. సరే. ఇనుము ఇనుమే.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. స్టెప్నీ ఏది స్వామీ?

మా వీధి షేర్ ఆటోవాడు పదిమందిని ఎక్కించుకుంటాడు, హారన్ పనిచేయదు, బ్రేకు దేవుడి దయ. వాడు కూడా సీటు కింద స్టెప్నీ లేకుండా ఊరు దాటడు. ముప్పైమూడు గేట్ల డ్యామ్‌కి ఆ రోజు స్టెప్నీ లేదు! స్టాప్‌లాగ్ అంటారట దాన్ని. గేటు పాడైతే దాని ముందు దించే అడ్డుపలక. అది లేకపోబట్టి మిగతా గేట్లన్నీ ఎత్తి బరువు తగ్గించారు, సగం డ్యామ్ ఖాళీ చేయాలేమోనన్నారు, పలకలు అప్పటికప్పుడు కొత్తగా చేయించారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం సామెతలో విన్నాను గానీ, బావికే నిప్పంటుకుంటే ఏం తవ్వాలో మా అవ్వ కూడా చెప్పలేదు.

ముప్పై టీఎంసీలకు పైగా కిందికి పోయాయి. టీఎంసీ అంటే మనకేం అర్థమవుతుంది? నాకు తెలిసిన కొలత బిందె. నాది పదిహేను లీటర్లది. ఒక్క టీఎంసీకి దాదాపు 189 కోట్ల బిందెలు. ముప్పై టీఎంసీలకు 5,600 కోట్ల పైచిలుకు. ఈ లెక్క క్యాలిక్యులేటర్‌లో పట్టక కాగితం మీద చేశాను. వేరే పనేముంది, నీళ్లు రాలేదుగా.

తీసివేతలు కూడా బాగా వచ్చేశాయి నాకు. కట్టినప్పుడు 133 టీఎంసీలు. పూడిక పేరుకుని 105 అయింది. తమరు తెగాక, మిగతా గేట్లనూ నమ్మలేక, 2025లో 80కి మించి నింపొద్దన్నారు. వాన కురిసినా తాగలేని జబ్బు ఇదొక్కటే చూశాను.

తనిఖీలంటారా, 2021లో డ్యామ్ భద్రతకు చట్టమే చేశారు. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి చూడాలని అందులో ఉంది. వచ్చినవాళ్లు తమరి లింకులు తట్టి చూశారా, లేక రంగు చూసి "బాగుంది" అని సంతకం పెట్టి గెస్ట్‌హౌస్‌కి పోయారా? మీరే సాక్షి, మీరేమో ఏటి పాలయ్యారు.

ఇక గారూ గీరూ వద్దులే. నీ చుట్టాలనీ చూశాం. 2021 ఆగస్టులో పులిచింతలలో పదహారో గేటు పోయింది. మరుసటేడు గుండ్లకమ్మలో ఇంకోటి. రెండుచోట్లా నీళ్లు పోయాయి, పేపర్లో ఫొటోలొచ్చాయి, అంతే. అన్నమయ్య ప్రాజెక్టులో అంతే కాదు. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది. ఐదు గేట్లలో ఒకటి అంతకుముందే పనిచేయడం లేదు. పనిచేయడం లేదని తెలుసు! తెలిసి ఏడాది గడిపారు. ఆ ఊళ్లలో పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి "పైనుంచి రావాలి" అని చెప్పమను, ఆ ఫ్యాను వైపు చూసే సారుని.

నీ మీద కోపం లేదు. నిన్ను తిట్టినవాళ్లంతా అంతకుముందు ఒక్కరోజైనా నీ పేరెత్తారా? నువ్వు తెగిన వారానికి, రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి పారే నీళ్లలోనే పలకలు దింపించి మూయించేదాకా ఊపిరి బిగబట్టి టీవీ చూశాం. రిటైరైనవాళ్లని పిలిస్తేగానీ పని జరగని చోట, నీకు రిటైర్మెంటే ఇవ్వలేదు చూశావా. ముప్పైమూడు గేట్లూ మార్చాల్సిందేనని ఆ తర్వాత తేల్చారు. నీ బలిదానం వృథా కాలేదని అంటారేమో, నవ్వకు.

మిగిలిన నీ తోబుట్టువులకు ఒక్క మాట చెప్పు. తెగాల్సే వస్తే మే నెలలో తెగమను. అప్పుడు డ్యామ్ అడుగంటి ఉంటుంది, పోయేదేమీ ఉండదు. అదీ పగలు, ఆఫీసు టైములో.

కుళాయి మళ్లీ గురక పెడుతోంది. గాలే అయ్యుంటుంది. అయినా ఇడ్లీ గిన్నె పెట్టొస్తా, ఉండు.

ఇట్లు,
మూడో బిందె దగ్గర ఆగిపోయిన
తమ విధేయురాలు