‘ఇరవై వేలకే ఐ7 గేమింగ్ పీసీ’ ప్రకటన చెప్పని విషయాలు

మొదటిసారి గేమింగ్ కంప్యూటర్ కొనాలనుకునే ఇళ్లలో ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. “ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్, అన్నీ కలిపి ఇరవై వేలు, అన్ని గేములూ ఆడుకోవచ్చు, ఎప్పుడైనా చాలకపోతే కార్డు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది” అన్నది దాని సారాంశం. (ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పరికరం.) ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో ఒక విద్యార్థి కొనుక్కునే వస్తువు గనుక, ఇందులోని ఒక్కో మాటనూ విడిగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

ముందుగా ‘ఐ7’ సంగతి. అది ఒక ప్రాసెసర్ పేరు కాదు, శ్రేణి పేరు. ఏ తరానిదో చెప్పకుండా ఆ మాట ఒక్కటే చెబితే కొనేవారికి తెలిసేదేమీ లేదు. ఈ ధరకు వచ్చే పెట్టెల్లో సాధారణంగా ఉండేవి 2011 నాటి రెండో తరం ఐ7 2600, 2012 నాటి మూడో తరం ఐ7 3770. వీటికి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉంటాయి. 2022లో వచ్చిన ఐ3 12100కూ సరిగ్గా అన్నే ఉన్నా, ఒక్కో కోరు చేయగల పనిలో ఆ ‘చిన్న’ ఐ3 ఈ ‘పెద్ద’ ఐ7ల కంటే ఎంతో ముందుంటుంది. పైగా, ఒకే ఆదేశంతో చాలా లెక్కలు చేసే ఏవీఎక్స్2 అనే సదుపాయం ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2013లో నాలుగో తరంతో వచ్చింది కాబట్టి ఈ రెండింటిలోనూ లేదు. దాన్ని తప్పనిసరి చేసిన గేము వీటిలో అసలు తెరుచుకోదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది, అంటే ఈ ఐ7లకు అది లేనట్టే. ఏదో ఒక అడ్డదారిలో దాన్ని ఎక్కించినా, పిల్లలు ఎక్కువగా అడిగే వాలరెంట్ గేము విండోస్ 11లో టీపీఎమ్ 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు) ఉండాలంటుంది. ఇంత పాత బోర్డుల్లో టీపీఎమ్ 2.0 ఆశించలేము.

ఇక ‘4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. ఈ పెట్టెల్లో తరచుగా కనిపించేది 2014 నాటి జీటీ 730. దానిలో డీడీఆర్3 అనే పాత రకం మెమరీతో, 64 బిట్ల బస్‌తో (మెమరీకీ చిప్‌కూ మధ్య సమాచారం నడిచే దారి) వచ్చే రకం సెకనుకు 14.4 జీబీ సమాచారాన్ని మాత్రమే అందించగలదు. అదే 4 జీబీతో 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 సెకనుకు 128 జీబీ అందిస్తుంది. డబ్బా మీద రెండింటికీ ‘4 జీబీ’ అనే ఉంటుంది, తేడా మాత్రం దాదాపు తొమ్మిది రెట్లు. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నగా ఉంటే నీళ్లు సన్నగానే వస్తాయి. మెమరీ పరిమాణం ట్యాంకు అయితే, బస్ వెడల్పు, మెమరీ రకం కలిసి ఆ పైపు. అంతేకాక, జీటీ 730లలో ఎక్కువ భాగం ఎన్విడియా కెప్లర్ తరానివి. ఆ తరానికి కొత్త గేముల కోసం డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) విడుదల చేయడాన్ని సంస్థ 2021లోనే ఆపేసింది.

‘16 జీబీ ర్యామ్’ మాట నిజమే. అయితే అది డీడీఆర్3, రేపు కొత్త బోర్డు కొంటే అందులో పట్టదు.

‘కార్డు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది’ అన్న మాట మరింత ప్రమాదకరం. మా మేనల్లుడు ఇలాంటి పెట్టె ఒకటి కొన్నాక, దాని పక్క రేకు విప్పి ఎస్‌ఎమ్‌పీఎస్ మీది స్టిక్కర్‌ను టార్చి వెలుగులో ఇద్దరం చదివాము. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న గడిలో +12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును పద్నాలుగుతో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకునేది ఆ 12 వోల్టుల కరెంటునే. కార్డుకు వేరుగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు కూడా అందులో లేదు. ఉదాహరణకు, కొత్తగా వేసుకుందామనుకునే ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్ల దాకా తీసుకుంటుంది. ప్రాసెసర్‌కు మరో 77 వాట్లు కలిపితే లెక్క అక్కడే దాటిపోతుంది. అంటే కార్డుతోపాటు ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాలి. ఆ తర్వాత ప్రాసెసర్ వెనకబడుతుంది గనుక దాన్ని, దానితో బోర్డును, బోర్డుతో ర్యామ్‌ను మార్చాలి. చివరికి మొదటి పెట్టెలో మిగిలేది రేకు డబ్బా ఒక్కటే.

మరి ఏం కొనాలి? గ్రాఫిక్స్ తనలోనే ఉన్న రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్, అది పట్టే ఏఎమ్4 రకం బోర్డు, ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ (వేగవంతమైన నిల్వ), పేరున్న సంస్థ తయారుచేసిన 80 ప్లస్ గుర్తింపు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) గల 550 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్‌తో మొదలుపెట్టమని నేను చెబుతాను. ఇది ఇరవై వేలలో రాదు, ఆ మాట దాచను. అయితే ఆ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే జీటీ 730 కంటే మెరుగ్గా పనిచేస్తుంది. ఏడాది తర్వాత కార్డు కొన్నప్పుడు తక్కినవేవీ పారేయనక్కరలేదు. ఇందులో ర్యామ్‌ను 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక, 8 జీబీ స్టిక్కులు రెండుగా తీసుకోవాలి. డీడీఆర్4 3200 ఒక్క స్టిక్ సెకనుకు 25.6 జీబీ ఇస్తే, జంటగా 51.2 జీబీ ఇస్తాయి. సొంత మెమరీ లేక ర్యామ్‌నే వాడుకునే ఈ గ్రాఫిక్స్‌కు ఈ తేడా గేములోనే కంటికి కనిపిస్తుంది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, డబ్బు చెల్లించేముందు ప్రాసెసర్ పూర్తి నంబరు, కార్డులోని మెమరీ రకం, బస్ వెడల్పు, ఎస్‌ఎమ్‌పీఎస్ స్టిక్కర్ ఫొటో అడగండి. బిల్లులో ‘గేమింగ్ పీసీ ఒకటి’ అని రాస్తే ఒప్పుకోకండి; ఒక్కో భాగం పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోండి. ఏడాదిన్నర తర్వాత ర్యామ్ ఒక్కటే పాడైనప్పుడు వారంటీ అడగడానికి మీ చేతిలో ఉండవలసిన కాగితం అదే.