డిజైన్ అతిథి ఉపన్యాసం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అతిథి ఉపన్యాసం గారి సముఖమునకు, నెల్లూరు జిల్లాలోని ఒకానొక ఇంజనీరింగ్ కళాశాల సెమినార్ హాలులో చివరి వరుసలో కూర్చునే అధ్యాపకుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

‘సమాజంలో డిజైన్ పాత్ర’ అనే పేరు మీద తమరు ప్రతి విద్యాసంవత్సరం మా కళాశాలకు వేంచేస్తున్నారు. వక్త మారుతున్నారు, ఆయన దిగి వచ్చే మహానగరం మారుతోంది, కోటు రంగు కూడా మారుతోంది గానీ తమరు మాత్రం స్లైడుకు స్లైడు అలాగే ఉన్నారు. తమరి రాకకు అసలు కారణం పరిశీలన బృందానికి చూపించవలసిన ఫైలు అనీ, అందులో స్థలమూ సమయమూ నమోదైన ఫొటోలు ఉండాలనీ, ఆ ఫొటోల్లో కుర్చీలు ఖాళీగా కనిపించకూడదనీ మాకందరికీ తెలుసు. కాబట్టి ఆ రోజు ల్యాబ్ లేని ప్రతి సెక్షన్‌నూ హాజరు పేరు చెప్పి బెదిరించి తోలుకొచ్చి హాలు నింపుతున్నాము. ఈ ఏర్పాటు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. తమరు చెప్పే మాటలకూ, ఆ మాటలు చెబుతున్న చోటుకూ మధ్యనున్న ఎడం గురించే నా బాధ.

పది గంటలకని ఫ్లెక్సీలో వేసిన కార్యక్రమం పదకొండున్నరకు గానీ మొదలు కాదు. జ్యోతి ప్రజ్వలన సమయంలో వత్తులు ఆరిపోకుండా ఫ్యాన్లు కట్టేస్తారు. ముఖ్య అతిథి ఒక వత్తి, ప్రిన్సిపాల్ ఒక వత్తి, తక్కిన వారు తలా ఒకటి వెలిగించి, ఫొటోకు మళ్లీ మరొకసారి వెలిగించే దాకా నెల్లూరు ఎండలో రెండు వందల మంది పిల్లలు చొక్కాలు తడుపుకుంటూ కూర్చుంటారు. ఆ తరువాత తెర మీద పడే మొదటి వాక్యం, వాడేవాడి కష్టాన్ని వాడేవాడి స్థానంలో నిలబడి చూడాలని. ఆ వాక్యాన్ని తమరు చదువుతున్నప్పుడు, ఎడమచేతి వాటం పిల్లవాడొకడు కుడివైపు మాత్రమే రాతపలక బిగించిన కుర్చీలో నడుము మెలితిప్పుకుని దాన్ని నోట్సులో ఎక్కించుకుంటుంటాడు.

ఇక చెంబు దగ్గరికి వద్దాము. భారత ప్రభుత్వం ఆహ్వానం మీద అమెరికా నుంచి వచ్చిన డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో మన చెంబును ఆకాశానికెత్తారనీ, ఆ నివేదిక ప్రేరణతోనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసిందనీ తమరు చెప్పడం సబబుగానే ఉంది. నిజానికి తమరి ప్రసంగమంతటిలో నాకు నచ్చే భాగం అదొక్కటే. నీళ్లు ఎంత పట్టాలి, పట్టుకునే చెయ్యి ఆడవారిదా మగవారిదా, దానికి సత్తువ ఎంత, నెత్తిన పెట్టుకుంటారా చంకనెత్తుకుంటారా, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు మొగ్గుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, లోపల చెయ్యి పెట్టి తోమవచ్చా అని వారు చెంబును అడిగిన ప్రశ్నలు వినదగ్గవి. దాన్ని ఏ ఒక్కరూ తయారు చేయలేదనీ, తరతరాల వారు కలిసి దిద్దుకుంటూ వచ్చారనీ వారు గుర్తించారు. అయితే ఇంత చెప్పిన తరువాత తమరు ప్లాస్టిక్ సీసా మూత తిప్పి, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టి, కాసేపటికి రెండో సీసా మూత తిప్పుతారు. చెంబు వెళ్లిపోయి తెర మీదికి విదేశీ ఫోను వస్తుంది. దాని వెనకే, మా హాలులోని ఏ కుర్చీకీ చుట్టరికం లేని డెన్మార్కు కుర్చీ వస్తుంది.

అందరికీ అందుబాటులో ఉండే డిజైన్ అనే అధ్యాయంలో తమరు ఏదో ఐరోపా నగరపు కాలిబాటను చూపించి, చక్రాల కుర్చీ ఎంత సునాయాసంగా సాగిపోతోందో చూడమంటారు. చూశాము. దివ్యాంగుల హక్కుల చట్టం మన దేశంలో 2016లోనే వచ్చింది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలన్నది ర్యాంపు లెక్క. మా భవనం అరుగు రెండడుగుల ఎత్తు గనుక ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు సాగాలి. మాకున్నది ఐదడుగులు. చక్రాల కుర్చీ దాని మీదికి ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు ఆగదు. అయినా అది వృథాగా పడి ఉందనుకోకండి, సాయంత్రం వాచ్‌మన్ తన మోటారు సైకిలును దాని మీదుగానే వరండాలోకి ఎక్కిస్తాడు. తమరి కారు కూడా సరిగ్గా ఆ ర్యాంపు మొదట్లోనే ఆగుతుంది. దానికి ఎదురుగానే తమరికి పూలగుత్తి అందిస్తాము. ఇన్నేళ్లలో ఏ వక్తా కిందికి చూసి, ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు. పోలియో కాలుతో నెట్టుకొచ్చే మా విద్యార్థి ఒకడు వ్యాసరచనలో బహుమతి గెలిస్తే, వేదిక మెట్లు ఎక్కలేక కిందనే నిలబడ్డాడు. తమరు పైనుంచి వంగి అతనికి ధ్రువపత్రం అందించారు. ఆ వ్యాసం విషయం అందరికీ అందుబాటులో ఉండే డిజైన్.

పసుపు కాగితాల కార్యక్రమం గురించి ఎక్కువ చెప్పను. సమస్యలను రాసి గోడకు అంటించమన్నారు, అంటించారు, ఫ్యాను వేశారు, ఎగిరిపోయాయి.

సమాజంలో డిజైన్ పాత్రకు ఉదాహరణ కోసం అంత దూరం పోనక్కరలేదని నా మనవి. 2024 మే 13న ఆ హాలులోని పిల్లల్లో చాలామంది మొదటిసారి ఓటు వేశారు. ఒక్కో యంత్రం మీద పదహారు దాకా పేర్లు, పేరు పక్కన గుర్తు, గుర్తు పక్కన నీలం మీట, నొక్కితే ఎర్రదీపం, ఆపైన ఒక కూత, చూపు లేనివారికి బ్రెయిలీ అంకెలు, అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి పడిపోయే చీటీ. అక్షరం రాని అవ్వ కూడా ఎవరి సాయమూ లేకుండా తాననుకున్న వారికి ఓటు వేసి రాగలగడం కంటే సమాజంలో డిజైన్‌కు పెద్ద పాత్ర ఏముంటుంది? 1951-52 ఎన్నికల నాడే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానికి గుర్తు అంటించిన దేశమిది. ఇవేవీ తమరి స్లైడుల్లోకి ఎక్కలేదు.

నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. తమరు వారిని హస్తకళ అనే ఒక్క స్లైడులో పెట్టి, చప్పట్లు కొట్టించి దాటేస్తారు. ఫోర్కు పన్ను ఎంత సన్నగా చెక్కితే విరగకుండా నిలుస్తుందో, పిడి మీద నగిషీ ఎక్కడ ఆపితే వేలికి గుచ్చుకోదో ఉలి చేతబట్టి తేల్చుకునే మనిషి డిజైనర్ కాకపోతే, స్లైడు మార్చే మనిషి ఎలా అవుతారో నాకు బోధపడదు. మార్కాపురం పలకదీ అదే కథ. పసివాడి ఒళ్లో ఇమిడే కొలతలో రాయిని కోసి, అంచు పగలకుండా చుట్టూ చెక్క చట్రం బిగించారు. ఎన్నిసార్లు తప్పు రాసినా తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. దాని మీద ఓనమాలు దిద్దినవారు ఇప్పుడు తమరిని ఆహ్వానించే కమిటీలో కూర్చుని, ఎక్కడో అచ్చుపోసిన అక్రిలిక్ జ్ఞాపికకు ఆర్డరు ఇస్తున్నారు. అది తమరి సంచిలో పట్టదు, బల్ల మీద నిలవదు.

చివరన ప్రశ్నల సమయం వస్తుంది, అంటే రాదు. పోయినసారి ఒక అమ్మాయి, వాన పడితే రైలు పట్టాల కింది దారిలో నీళ్లు నిలిచిపోయి బస్సులు ఆగిపోతున్నాయనీ, దానికి డిజైన్ ఏమి చేయగలదనీ అడిగింది. చాలా మంచి ప్రశ్న అన్నారు, చెన్నై రైలుకు వేళయిందన్నారు, బిర్యానీ తిని బయలుదేరారు.

వచ్చే నెలలో మళ్లీ వేంచేస్తున్నట్లు సర్క్యులర్ అందింది. ఈసారికి నావి చిన్న కోరికలు. వందన సమర్పణకు కేటాయించిన అరగంటను ప్రశ్నలకు ఇవ్వండి. శాలువా డబ్బులతో ఉదయగిరి నుంచి ఒకరిని బస్సు చార్జీలిచ్చి పిలిపించి, తమరి పక్కన కుర్చీ వేయించండి, కింద కాదు, వేదిక మీదనే. కారు దిగగానే పూలగుత్తి అందుకునే ముందు ర్యాంపు కొలవండి. టేపు నేను తెస్తాను, రెండో కొస తమరు పట్టుకుంటే చాలు.

ఇట్లు,
చివరి వరుసలో, స్తంభం వెనక, తెర సగమే కనిపించే చోటి నుంచి,
తమ విధేయుడు