చెరువు గారు ఇంట్లో లేరు

పోయిన శనివారం రాత్రి మా సైకిల్ దండుకు నాయకుడు పంపిన సందేశం ఇది: "రేపు తెల్లవారుజామున 5 గంటలకు గండిపేట చెరువు చుట్టూ 48 కిలోమీటర్లు. ఒక పక్క అడవి, ఒక పక్క నీళ్లు. ప్రకృతి ప్రియులు తప్పక రావాలి." నేను ప్రకృతి ప్రియుణ్నే. పైగా గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోలేడన్న మాటకు చాలా ఏళ్లుగా బతికున్న సాక్ష్యాన్ని. వెళ్లాను. 48 కిలోమీటర్లూ తొక్కాను. గోడలు చూసి వచ్చాను.

కాబట్టి ఈ వ్యాసం గోడల గురించి. చెరువు గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ, చూడనిదాని గురించి రాయడం మర్యాద కాదు.

కట్ట మీద నుంచి నీళ్లు కనిపిస్తాయి కదా అంటారు మీరు. నిజమే. నిజాం కట్టించిన కట్ట కావడం వల్ల కాబోలు, దాని మీద ప్రహరీ లేపడం ఇంకా ఎవరికీ తోచలేదు. అయితే మేము అక్కడికి చేరేసరికి ఇంకా చీకటి. "వెలుతురు వచ్చాక చూద్దాం, ఎలాగూ చెరువు చుట్టే కదా తిరగబోయేది" అన్నాడు నాయకుడు. పెద్ద చదువులు చదివినవాడు. నమ్మాం.

సైకిల్ తొక్కేవాడికి కారులో పోయేవాడికి లేని భాగ్యం ఒకటుంది. గోడను తీరిగ్గా చూడవచ్చు. గండిపేట, ఖానాపూర్, వట్టినాగులపల్లి, జన్వాడ వైపు ఆ వేగంతో వెళ్తే ఒక్కొక్క రాయీ పలకరిస్తుంది. మొదట వచ్చేవి నల్లరాతి గోడలు. ఇవి పాత డబ్బువి, తొందర లేనివి. తర్వాత పలకలు నిలబెట్టిన సిమెంటు గోడలు. ఇవి రాత్రికి రాత్రి మొలుస్తాయి, వాటి వెనక ఇల్లు ఉండదు, కోర్టు కేసు ఉంటుంది. ఆ తర్వాత కాగితపు పూల తీగ పాకించిన గోడలు, వాటి మీద గాజు పెంకులు. పూలు అతిథులకు, పెంకులు మనకు. ఇంకొంచెం ముందుకు వెళితే నాకు బాగా నచ్చిన గోడ వచ్చింది. దాని మీద ఎవరో చిత్రకారుడు ఒక చెరువు గీశాడు. నీలం నీళ్లు, రెండు హంసలు, వెనక మంచు కొండలు. ఆ గోడ యజమానులు ఎంత ఆలోచనాపరులో చూడండి. అసలు చెరువు దాచేశాం, పాపం జనానికి బొమ్మయినా చూపిద్దాం అనుకున్నారు.

మధ్యమధ్య ఫోను తీసి చూసేవాణ్ని. పటంలో గండిపేట నీలంగా, విశాలంగా పరుచుకుని ఉండేది. దాని అంచునే ఒక చుక్క మెల్లగా కదిలేది. ఆ చుక్కను నేనే. తల ఎత్తితే పదడుగుల సిమెంటు. నేనున్న చోట చెరువు లేదు, చెరువున్న చోట నా చుక్క మాత్రమే ఉంది. అద్వైతం చదివినవాళ్లు ఎవరైనా దీన్ని విప్పి చెప్పాలి.

ఆరున్నరకు ఓపిక నశించి ఒక పెద్ద గేటు ముందు ఆగాం. ఎనిమిది మందిమి, ఎనిమిది సైకిళ్లు, అన్నీ కలిపి ఒక మోస్తరు కారు ఖరీదు. గేటు మీద బంగారు రంగు అక్షరాల్లో 'లేక్ వ్యూ' అన్న మాట ఉంది. మంకీ టోపీ పెట్టుకున్న కాపలాదారు కుర్చీలోంచి లేచాడు.

"ఎవరు కావాలి సార్?"

"చెరువు కావాలి."

ఆయన చేతిలోని పుస్తకం తిరగేశాడు. "చెరువు వారి పెళ్లి వచ్చే నెల కదా సార్?"

"పెళ్లి కాదు బాబూ. నీళ్లుంటాయే, ఆ చెరువు."

"ఓ, అదా! అది లోపల ఉంటుంది సార్. బుకింగ్ ఉన్నవాళ్లకే."

దూరం నుంచి చూసి వెళ్లిపోతామని నాయకుడు బతిమాలాడు. అందరూ అలాగే అంటారన్నాడు ఆయన. చూస్తే అరిగిపోతుందా అని మాలో ఒకాయన కాస్త కోపంగా అడిగితే, ఆ విషయం మేనేజర్ గారికి తెలియాలి, ఆయన పది గంటలకు వస్తారు అని నిజాయతీగా చెప్పాడు. చివరికి మా లెక్కల మాస్టారు అసలు విషయానికి వచ్చారు.

"చెరువు చూడాలంటే ఎంత అవుతుంది?"

"లాన్ తీసుకుంటే చెరువు కూడా వస్తుంది సార్. డెకరేషన్ వేరే."

"చెరువు డెకరేషన్‌లోకి రాదా?"

"రాదు సార్. చెరువు ఉచితం."

ఈ మాట విన్నాక మాలో అందరికంటే తేలికైనవాడు ఆగలేకపోయాడు. సైకిల్‌ను గోడకు ఆనించి, ఇద్దరు చెరో పక్కా పట్టుకోగా, సీటు మీదికి ఎక్కి నిలబడ్డాడు. పెడల్‌కు బిగుసుకునే ఇనుప పట్టీ ఉన్న మా సైకిల్ బూట్లతో నేల మీద నడవడమే కష్టం. అర జానెడు సీటు మీద నిలబడటం సర్కసు. కింద ఏడుగురం ఊపిరి బిగబట్టాం.

"ఏం కనిపిస్తోంది?"

చాలాసేపు జవాబు లేదు. తర్వాత పైనుంచి గొంతు వినిపించింది. "ఇంకో గోడ."

మా మొహాలు చూసి కాపలాదారుకు జాలి కలిగింది. పక్కనున్న చిన్న తలుపు జానెడు తెరిచాడు. వరసలో నిలబడ్డాం. హెల్మెట్లు తీశాం, ఎవరూ చెప్పకుండానే. ఒక్కొక్కరికి మూడు క్షణాలు. "జరగండి సార్, జరగండి" అంటూ నెడుతూనే ఉన్నాడు. నా వంతు వచ్చినప్పుడు తెల్ల ప్లాస్టిక్ కుర్చీల దొంతరల మధ్య సన్నగా ఏదో మెరిసింది. నీళ్లని నేనంటాను. రేకుల షెడ్డని మాస్టారు అంటారు. ఈ వివాదం ఇంకా తేలలేదు.

నవ్వుకుంటూనే సైకిలెక్కాం. కానీ దారిలో నాకు నవ్వు ఆగిపోయింది.

ఈ చెరువు ఎవరో సరదాకు తవ్వుకున్నది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని మింగింది. పోయినవారు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. మళ్లీ అంత చావు చూడకూడదని విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నదిని ఎగువనే ఆపమని ఆయన చెప్పాడు. 1920కి మూసీ మీద గండిపేట, 1927కి ఈసా మీద హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. నగరం తన శవాల మీద ఒట్టేసి కట్టుకున్న చెరువులివి. ఆ చింతచెట్టు ఎక్కినవాళ్లు నీళ్ల నుంచి తప్పించుకోవడానికి ఎక్కారు. వాళ్ల మునిమనవలు ఈ రోజు నీళ్లు చూడటానికి సైకిల్ సీటు ఎక్కవలసి వస్తోంది. సిగ్గు పడవలసింది గోడ కట్టినవాడు ఒక్కడేనా? కొలత వేసినవాడు, సంతకం పెట్టినవాడు, ఆ లాన్‌లో పెళ్లి భోజనం చేసి తాంబూలం పుచ్చుకుని వచ్చిన మనం?

1996లో ప్రభుత్వమే 111 నంబరు జీవో ఇచ్చింది. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, కాలనీలు వద్దు అంది. పాతికేళ్ల పాటు జీవో కాగితం మీద, ఫామ్‌హౌస్ నేల మీద హాయిగా కాపురం చేశాయి. 2022లో 69 నంబరు జీవో వచ్చి ఆ ఆంక్షలను ఎత్తేసింది. మన ఊళ్లలో శిఖం భూమి అంటే పసివాడికి కూడా తెలుసు, అది నీటి సొత్తు, ఎండిన ఏడు సాగు చేసుకుని నిండిన ఏడు నీళ్లకు వదిలెయ్యాలి. కాగితాలు రాయడం వచ్చినవాడికి మాత్రం అది 'వాటర్ ఫ్రంట్'. 2025 సెప్టెంబరు చివర ఈ రెండు జలాశయాల గేట్లు ఎత్తితే నీళ్లు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. గోడ లోపలివాడికి దృశ్యం, బస్సు కోసం నిలబడ్డవాడికి వరద. ఒకే నీళ్లు, ఒకే మూసీ!

సరే. కోపం సైకిల్‌కు మంచిది కాదు, ఎత్తు మీద ఊపిరి అందదు.

చిలుకూరు దగ్గర మృగవని ఉంది, 1994 నుంచి జాతీయ ఉద్యానం. దానికి కంచె ఉంది, ఉండాలి కూడా. కంచె సందుల్లోంచి చెట్లు కనిపించాయి. సందేశంలో చెప్పిన 'ఒక పక్క అడవి' ఇదేనని నాయకుడు కాస్త గర్వంగా ప్రకటించాడు. ఇక్కడి బాలాజీకి హుండీ లేదు. ఆ చుట్టుపక్కల డబ్బు పుచ్చుకోకుండా దర్శనమిచ్చేది ఆయనొక్కడే అనుకుంటాను. అమెరికా చూడటానికి వీసా ఇప్పిస్తాడని పేరున్న దేవుడు కదా, కిలోమీటర్ల దూరంలో ఉన్న గండిపేట చూడటానికి ఆ మాత్రం చేయడా అని బూట్లు విప్పి 11 ప్రదక్షిణలు చేశాను. కోరిక తీరాక 108 చెయ్యాలి. ఆ అవసరం ఇంకా రాలేదు.

అక్కడి నుంచి హిమాయత్‌నగర్, అజీజ్‌నగర్ మీదుగా పోలీసు అకాడమీ దగ్గరికి వచ్చి సైకిల్ దారి ఎక్కాం. అవును, మనకు సైకిల్ దారి కూడా ఉంది. 2023 అక్టోబరు 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, పైన సౌర పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. చక్కగా కట్టారు, నేనూ తొక్కుతాను, అబద్ధమెందుకు? పక్కనే ఎనిమిది వరసల అవుటర్ రింగు రోడ్డు హోరు. చెరువు, చెట్లు ఉన్న వైపు సైకిల్‌కు దారి లేదు, దారి ఉన్న వైపు చూడటానికి లారీలున్నాయి. అక్కడికి చేరడానికి చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. రోడ్డు మీద తొక్కితే బతకమని వాళ్లకు తెలుసు.

కాపలాదారు సంగతి ఒకటి చెప్పడం మరిచాను. మేము బయలుదేరేటప్పుడు ఆయన రాత్రి డ్యూటీ ముగిసింది. గోడకు ఆనించిన పాత సైకిల్ తీశాడు. గేర్లు లేవు, బెల్లు లేదు, క్యారేజీ మీద టిఫిన్ డబ్బా ఉంది. "గేదెలు దిగే దారి ఒకటుంది సార్, అటు వెళితే నీళ్ల దాకా వెళ్లవచ్చు. నేను రోజూ అక్కడే మొహం కడుక్కుంటాను" అన్నాడు. ఆశగా వెనకే వెళ్లాం. దారంతా బురద. మా టైర్ల వెడల్పు 25 మిల్లీమీటర్లు. ముందు చక్రం దిగబడగానే నాయకుడు చెయ్యి ఎత్తాడు, ఆగిపోయాం. కాపలాదారు మాత్రం వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ తుమ్మచెట్ల మధ్య మాయమయ్యాడు.

నార్సింగిలో ఇడ్లీలు తింటుండగా అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. నాయకుడు మా ఘనకార్యాన్ని లోకానికి ప్రకటించాడు: "గండిపేట చెరువు ప్రదక్షిణ, 48 కిలోమీటర్లు." కింద ఫోటో. హంసల గోడ ముందు ఎనిమిది మందిమి, వెనక నీలం నీళ్లు, మంచు కొండలు. చట్నీ రాకముందే నలభై మంది మెచ్చుకున్నారు. ఈసారి చెరువు నిండుగా ఉందే అని ఒకరు రాశారు.