గోదావరి ఎవరి ఓడ? ఇద్దరు వియ్యంకుల వాదోపవాదం

డిసెంబర్ 4 నేవీ డే. ఆ సాయంత్రం హైదరాబాద్ సైనిక్‌పురిలో మా కాలనీ హాల్లో నాన్న ఇరవై నిమిషాలు మాట్లాడాలి. విషయం ఐఎన్ఎస్ గోదావరి. ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్, అంటే మధ్యస్థాయి యుద్ధనౌక అది. 1983 డిసెంబర్ 10న నౌకాదళంలో చేరి, 2015 డిసెంబర్ 23న సెలవు తీసుకుంది. నాన్న దాని బాయిలర్ రూమ్‌లో పనిచేశాడు. మా మామగారు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో ఉక్కు మీద పనిచేసి రిటైరయ్యారు. ప్రసంగం కాగితాలు ఒకసారి చూసిపెట్టమని నాన్న ఆయనకి ఇచ్చాడు. మామగారి పెన్ను మొదటి వాక్యం దగ్గరే ఆగింది. ఇద్దరినీ వాళ్ల పేటల పేర్లతోనే పిలుస్తున్నాను.

కంచన్‌బాగ్: "మన మెదడు, మన చేతులు, మన ఓడ" అని మొదలుపెట్టారు బావగారూ. బాగుంది, చప్పట్లు పడతయి. కానీ అందులో ఏమేమున్నదో దాటేశారు. నేను చెప్పాల్నా? ఓడల్ని కొట్టే క్షిపణులు నాలుగూ సోవియట్‌వి. విమానాల్ని కొట్టే ఓసా క్షిపణులూ వాళ్లవే. ముందున్న 57 మిల్లీమీటర్ల జంట తుపాకీ వాళ్లదే. టార్పిడో గొట్టాలు ఇటలీవి, పోరాట సమాచారమంతా ఒకచోట చేర్చే కంప్యూటర్ ఇటలీది. రాడార్లలో కొన్ని డచ్చివి. హెలికాప్టర్ బ్రిటన్ సీ కింగ్. ఆవిరి యంత్రాల డిజైన్ కూడా బ్రిటిష్‌వాళ్లదే. అతుకుల బొంత తెచ్చి పట్టుచీర అంటే ఎట్ల?

సైనిక్‌పురి: బొంతే, ఒప్పుకుంటాను. కానీ ఆ కుట్టు కుట్టడం నేర్పినవాడెవడూ లేడండీ. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. రష్యావాడి క్షిపణి పక్కన డచ్చి రాడార్ పెడతామంటే వాడు కాగితాలు విప్పుతాడా? ఇటలీవాడికి రష్యా సామాను గుట్టు తెలియదు, తెలియనివ్వకూడదు కూడా. ఇద్దరి మధ్యా కూర్చుని పని చేయించుకున్నవాళ్లు మనవాళ్లే. కరెంటు సంగతే చూడండి. బ్రిటిష్ పద్ధతి ఓడలో 440 వోల్టులు, 60 హెర్ట్జ్. రష్యా సామాను అడిగేది 380 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి మార్పిడి యంత్రాలు కావాలి. అవి వేడెక్కుతాయి, ఆ వేడికి ఏసీ కావాలి, ఆ ఏసీకి మళ్లీ కరెంటు కావాలి. ఇన్ని పేచీలు తీర్చి 1983లోనే ఆ ఓడని సముద్రంలోకి తీసుకెళ్లారు.

కంచన్‌బాగ్: మరి ఓడ ఒళ్లు? మజగావ్‌లోనే బ్రిటిష్ లియాండర్ డిజైన్ మీద నీలగిరి నుంచి వింధ్యగిరి దాకా ఆరు ఓడలు కట్టారు. 113 మీటర్ల ఆ ఓడని 126 మీటర్లకు సాగదీశారు, పేరు మార్చారు, అంతే గద!

సైనిక్‌పురి: సాగదీస్తే పెరగడానికి అది పూతరేకు కాదు. పొడవు మారితే బరువు నిలిచే చోటు మారుతుంది, అల మీద ఊగే తీరు మారుతుంది. యంత్రం మాత్రం పాతదే, అదే 30,000 హార్స్‌పవర్. దానితోనే పెద్ద ఓడని 27 నాట్ల దాకా, అంటే గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తించాలి, వెనక రెండు సీ కింగ్‌లని మోయాలి. ఒక్కోటి తొమ్మిది టన్నుల పైమాట. అంతకుముందు మన ఏ ఫ్రిగేటూ రెండింటిని మోయలేదు. ఆ ఒళ్లు గీసింది నౌకాదళం సొంత డిజైన్ విభాగం.

(ఇక్కడ నాన్న మాటలో బలముంది. మామగారు చప్పుడు చేయకుండా కాగితం తిప్పారు. ఆయన తగ్గినట్టు కనిపించేది ఇంకో చోట పట్టుకోబోయే ముందే.)

కంచన్‌బాగ్: సరే, యంత్రం పాతదే అని మీరే అన్నారు. 1980లో మనకి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వచ్చింది. విమానం ఇంజన్ లాంటి గ్యాస్ టర్బైన్‌తో నడిచే ఓడ. అంటే మన దగ్గరే ఆ యంత్రం కళ్ల ముందున్నది. అది చూసి కూడా మూడేళ్ల తర్వాత ఆవిరి ఓడ ఎందుకు దింపారు? పోనీ అక్కడితో ఆగారా? 2000లో చేరిన బ్రహ్మపుత్ర కూడా ఆవిరిదే! దీన్ని పట్టుదల అంటారో, మొండితనం అంటారో మీరే చెప్పండి.

సైనిక్‌పురి: మీరు బాయిలర్ రూమ్ చూడలేదు కాబట్టి అంటున్నారు. లోపల యాభై డిగ్రీలు. కొలిమిలో మంట చూడటానికి చిన్న అద్దం ఉంటుంది. పొగగొట్టంలోంచి నల్ల పొగ వస్తే మంటకి గాలి తక్కువైనట్టు, తెల్ల పొగ వస్తే ఎక్కువైనట్టు. ఏ పొగా కనిపించకుండా నడపాలి, లేకపోతే శత్రువుకి మనమే చిరునామా ఇచ్చినట్టు. బాయిలర్‌కి ఉప్పు ఆనవాలు లేని నీళ్లు కావాలి. సముద్రపు నీటిని కాచి ఆవిరి పట్టి తయారుచేసుకుంటాం. ఆ యంత్రం మొరాయించిందంటే ముందు ఆగేది మా స్నానాలే. దాదాపు మూడొందల మంది మనుషులు, అరేబియా సముద్రం, స్నానం లేదు. ఊహించుకోండి. బాయిలర్‌కి మాత్రం చుక్క తగ్గదు.

కంచన్‌బాగ్: మీ కష్టాన్ని నేను కాదనడం లేదు బావగారూ. ఆ కష్టం ఎందుకు పడాల్సి వచ్చిందనేదే నా ప్రశ్న.

సైనిక్‌పురి: ఎందుకంటే ఆ యంత్రాన్ని మేమే విప్పి మేమే బిగించగలం. గొట్టం పగిలితే సముద్రం మధ్యలో మూసేసి మిగతావాటితో నడుపుతాం. గ్యాస్ టర్బైన్ పాడైతే దాన్ని ఊడదీసి, చేసిన దేశం వైపు చూస్తూ కూర్చోవాలి.

కంచన్‌బాగ్: అదిగో, నా మాట మీ నోటనే వచ్చింది. 1991లో సోవియట్ యూనియన్ కూలినాక స్పేర్ల కోసం మన సైన్యమంతా ఎట్ల తిప్పలు పడిందో మీకు నేను చెప్పాల్నా? మీ బాయిలర్ మీ చేతిలోనే ఉండొచ్చు. కానీ మీ క్షిపణి ఇంకోడి గిడ్డంగిలో ఉన్నది. యుద్ధనౌక ఉండేది స్నానం చేయడానికి కాదు గద, కొట్టడానికి.

(నాన్నకి దీనికి జవాబు దొరకలేదు. దొరకనప్పుడు ఆయన మాల్దీవులకి వెళతాడు.)

సైనిక్‌పురి: 1988 నవంబర్ 3. మాల్దీవుల్లో తిరుగుబాటు. అద్దె సైనికులు మాలేలో దిగారు. అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు. ఆ రాత్రే మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి ఎగిరి వెళ్లారు. తిరుగుబాటుదార్లు బందీలతో ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడ ఎక్కి శ్రీలంక వైపు పారిపోయారు. వెంటబడి నవంబర్ 6న లొంగదీసింది గోదావరి. నేను అప్పుడు అందులో లేను, లేనన్నది కూడా రాశాను. కొట్టడానికి పనికొచ్చిందా లేదా?

కంచన్‌బాగ్: పక్కనే బెత్వా కూడా ఉన్నది. 1960 నాటి ముసలి ఓడ. దాని పేరు మీ కాగితంలో లేదు! ఇంకోటి, సరుకు ఓడని వెంటాడటానికి సోవియట్ క్షిపణులు, ఇటలీ కంప్యూటర్ అక్కర్లేదు. వేగం, తుపాకీ ఉంటే చాలు. బందీల్లో కొందరు చనిపోయారు, అదీ రాయలేదు.

సైనిక్‌పురి: బెత్వా పేరు రాస్తాను, అది న్యాయం. చనిపోయినవాళ్ల సంగతీ రాస్తాను. కానీ బావగారూ, ఓడ పని క్షిపణి వదలడం ఒక్కటే అని ఎవరు చెప్పారు? 1994 డిసెంబర్‌లో సోమాలియా నుంచి మన సైన్యం వెనక్కి వచ్చేటప్పుడు గంగ, గోదావరి, శక్తి అక్కడే నిలబడ్డాయి. ఒక్క క్షిపణీ వదల్లేదు. తీరం మీద చివరి జవాను ఓడెక్కేదాకా అవి కదలకుండా ఉండటమే పని. ఆ తర్వాత ఏడెన్ గల్ఫ్‌లో సముద్రపు దొంగల మీద గస్తీ. ముప్ఫై రెండేళ్లలో ఎక్కువ భాగం అట్లాగే గడుస్తుంది.

కంచన్‌బాగ్: ఆ మాట మీ కాగితంలో లేదు. మాల్దీవులకి రెండు పేజీలు రాసి సోమాలియాకి రెండు లైన్లే ఇచ్చారు. నేనైతే ఉల్టా రాస్తా.

సైనిక్‌పురి: ఇప్పుడు నన్నొక ప్రశ్న అడగనివ్వండి. మీ ల్యాబ్ యుద్ధనౌకల ఉక్కు ఎందుకు మొదలుపెట్టింది?

కంచన్‌బాగ్: రష్యా ఉక్కు తెచ్చుకునేది. సరఫరా ఇబ్బందైంది. అప్పుడు డీఎంఆర్ 249 అనే ఉక్కు చేశాం, ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ వాళ్లు పలకలు పోశారు. 2014లో నేవీలో చేరిన కమోర్తా, 2022లో చేరిన విక్రాంత్ ఓడలు దాంతోనే కట్టారు. పది మిల్లీమీటర్ల చదరపు ముక్కకి గాటు పెట్టి, సున్నాకి చాలా కిందికి చల్లబరిచి, ఊగే సమ్మెటతో ఒక్క దెబ్బ కొడతాం. ఎంత శక్తి మింగి విరిగిందో అదే లెక్క. నచ్చని ముక్క చప్పుడుతోనే తెలిసిపోతది.

సైనిక్‌పురి: ఇంత చలిలో ఇంత దెబ్బ తట్టుకోవాలని మిమ్మల్ని అడిగిందెవరు?

కంచన్‌బాగ్: ఇంకెవరు, నేవీ డిజైన్ వాళ్లు.

సైనిక్‌పురి: ఓడ కొనుక్కునేవాడు ఉక్కు గురించి అడగడు. ఓడ గీసుకునేవాడు అడుగుతాడు. మాకు గీయడం గోదావరితో వచ్చింది.

(మామగారు ఈసారి పెన్ను మూత పెట్టారు. నా లెక్కలో వాదన ఇక్కడ నాన్న వైపు తిరిగింది. కానీ పూర్తిగా కాదు.)

కంచన్‌బాగ్: ఇది బాగుంది. ఇదే మొదటి వాక్యంగా పెట్టండి, ఆ మెదడు, చేతుల కవిత్వం కొట్టేయండి. కానీ 2025 ఆగస్టులో విశాఖలో చేరిన ఉదయగిరి సంగతీ చెప్పాలి. నౌకాదళం డిజైన్ విభాగం గీసిన నూరో ఓడ అది. మంచిదే. దాని గ్యాస్ టర్బైన్ మాత్రం అమెరికా కంపెనీ డిజైన్. నలభై ఏళ్ల తర్వాత కూడా ఇంజన్ దగ్గర మనం అక్కడే ఉన్నం. ఇది చెప్పకుండ దిగితే నేను హాల్లోనే లేచి అడుగుతా.

సైనిక్‌పురి: అడగడమెందుకు, మీరే వేదికెక్కి చెప్పండి. ఇరవైలో ఐదు నిమిషాలు మీకు.

కంచన్‌బాగ్: ఐదు నిమిషాల్లో ఉక్కు ముక్క చల్లబడదు కూడా. పది.

సైనిక్‌పురి: ఏడు. బెత్వా మీరే చెప్పాలి.